లీజుకు తీసుకునే పన్నెండు టైర్ల బండి: డీజిల్, టోలు, టాక్సు లెక్క ఎలా పెట్టుకోవాలి?

నెలమంగల_12టైర్ అడిగారు:

అన్నలకు నమస్కారం. బెంగళూరు నెలమంగలలో ఉంటాను. పన్నెండు టైర్ల బీఎస్ 6 (కొత్త పొగ ప్రమాణాల) లారీ ఒకటి లీజుకు మాట్లాడుకుంటున్నాను. ఏపీ రిజిస్ట్రేషన్, నేషనల్ పర్మిట్ (వేరే రాష్ట్రాల్లో తిరిగే అనుమతి) ఉంది, బండికి ఐదేళ్లు. నేనే డ్రైవర్ని, తోడు క్లీనరు. నెలనెలా ఓనరుకి లీజు కట్టాలి. డీజిల్, టోలు, చిల్లర రిపేర్లు నావి. టైర్లు, ఇన్సూరెన్సు ఆయనవి. క్వార్టర్ టాక్సు (మూడు నెలలకోసారి కట్టే బండి పన్ను), పర్మిట్ ఫీజు సంగతి అడిగితే "చూసుకుందాంలే" అంటున్నాడు.

లైను ఎక్కువగా బెంగళూరు–హైదరాబాద్, మధ్యమధ్యలో చెన్నై. డీజిల్ ఎక్కడ కొట్టిస్తే మిగులుతుంది? ఫాస్టాగ్ ఓనరు పేరు మీద, ఆయన ఫోన్ నంబరు మీద ఉంది, దాని లెక్క ఎలా? టాక్సులు ఎవరి నెత్తిన పడతాయి? ఇంకోటి, హైదరాబాద్ లోడు లేనప్పుడు యశ్వంతపురం బ్రోకరు బెంగళూరు–హుబ్బళ్ళి లోడ్లు ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

---

పైసా_కిలోమీటరు:

డీజిల్ వరకు నేను చెప్తాను, టాక్సులకు వేరేవాళ్లు ఉన్నారు.

మనం తిరిగే నాలుగు రాష్ట్రాల్లో డీజిల్ మీద పన్ను నాలుగు రకాలు. ఆంధ్రలో 22.25 శాతం వ్యాటు, పైన లీటరుకు 4 రూపాయలు, ఆపైన రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. తెలంగాణలో 27 శాతం. తమిళనాడులో 11 శాతం, దానికి లీటరుకు 9 రూపాయల 62 పైసలు కలుపు. కర్ణాటకలో 2024 జూన్‌లో 18.44 శాతం చేశారు, 2025 ఏప్రిల్‌లో 21.17 చేశారు. అయినా ఈ నాలుగింటిలో అదే తక్కువ. 2025లో బంకు బోర్డులు చూస్తే బెంగళూరులో 91 దగ్గర, చెన్నైలో 92 చిల్లర, హైదరాబాద్‌లో 95 చిల్లర, ఆంధ్రలో ఊరిని బట్టి 97కి అటూ ఇటూ. రేటు రోజూ పొద్దున ఆరింటికి మారొచ్చు గానీ, ఏదో ఒక రాష్ట్రం పన్ను మార్చేదాకా ఈ వరస మారదు.

హైదరాబాద్ లైనులో కర్ణాటక ఆఖరి బంకులు బాగేపల్లి దగ్గర. అక్కడి నుంచి హైదరాబాద్ సుమారు 470 కిలోమీటర్లు, రానూపోనూ 940. లోడు బండి లీటరుకు 3.8 ఇస్తుందనుకుంటే 247 లీటర్లు. మీ బండి ట్యాంకు 350 లీటర్ల పైన ఉంటే బాగేపల్లిలో ఫుల్ చేసి వెళ్లి, మధ్యలో ఎక్కడా కొట్టించకుండా మళ్లీ బాగేపల్లి చేరుకోవచ్చు, ఇంకా వంద లీటర్లు మిగులుతుంది. అదే 247 లీటర్లు అనంతపురం, కర్నూలు వైపు కొట్టిస్తే లీటరుకు ఆరేసి రూపాయల చొప్పున ట్రిప్పుకు 1,480 ఎక్కువ. హైదరాబాద్‌లో కొట్టిస్తే 1,100 పైన ఎక్కువ.

దీంట్లో రెండు చిక్కులున్నాయి. ఒకటి కాటా, అంటే లారీ తూకం. బెంగళూరు పీణ్యలో లోడయ్యాక ట్యాంకు అడుగంటి ఉన్నప్పుడు కాటా వేయించి, బరువు సరిగ్గా 35 టన్నుల దగ్గర ఆపి, తర్వాత బాగేపల్లిలో 300 లీటర్లు పోయిస్తే, లీటరు 830 గ్రాముల లెక్కన పావు టన్ను పెరిగిపోయింది. చేతిలో కాటా చీటీ ఒకటి, రోడ్డు మీద బరువు ఇంకొకటి. ఓవర్‌లోడుకి 2019 సవరణ తర్వాత 20,000 రూపాయలు, అదనపు టన్నుకు ఇంకో 2,000. ఆరు రూపాయల డీజిల్ తేడా ఆ ఒక్క చలానాకే చాలదు. లోడింగ్ దగ్గరే ఫుల్ ట్యాంకు బరువు కలిపి లెక్క వేయించండి.

రెండోది, ఎలాగూ బాగేపల్లి వస్తుంది కదా అని ట్యాంకు పూర్తిగా ఎండబెట్టడం. 40–50 లీటర్ల కిందికి పోనివ్వొద్దు. అడుగున ఉన్న నీరు, మడ్డి ఫిల్టర్లకు ఎక్కుతాయి. గాలి పట్టిందంటే కామన్ రైల్ (హై ప్రెజర్‌తో డీజిల్ కొట్టే ఇంజను) బండికి ప్రైమింగ్ (చేతి పంపుతో డీజిల్ ఎక్కించడం) చేసి గాలి తీస్తే గానీ స్టార్ట్ కాదు, హై ప్రెజర్ పంపు డీజిల్ లేకుండా తిరిగితే అది దెబ్బ తింటుంది. ఆ పంపు ఖర్చు "చిల్లర రిపేర్లు" అనే మాటలో ఇమడదు.

చెన్నై వైపు అయితే హోసూరు దాటాక కొట్టించినా, అత్తిబెలెలో కొట్టించినా హైదరాబాద్ లైనంత తేడా ఉండదు. దానికోసం లైన్లో నిలబడే పనిలేదు. చెన్నై నుంచి ఎన్‌హెచ్ 16 మీద నెల్లూరు, విజయవాడ లోడు పడితే మాత్రం గుమ్మిడిపూండి, ఎళావూరు దాటకముందే ఫుల్ చేయండి. తడ వచ్చిందంటే ఆంధ్ర రేటు. చౌక బంకు కోసం దారి తప్పి పది కిలోమీటర్లు పోతే రెండున్నర లీటర్లు, అంటే 240 రూపాయలు పోయాయి. వంద లీటర్లు, లీటరుకు రెండు రూపాయలు తక్కువకు దొరికినా అది నష్టమే.

బంకులో మీటరు సున్నా చూడటం అందరికీ తెలుసు. అనుమానం వస్తే ఐదు లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపమనండి, ప్రతి బంకులో ముద్ర వేసిన పాత్ర ఉండాలి. 25 మిల్లీలీటర్ల దాకా తేడా ఒప్పుకుంటారు, అంతకు మించితే తూనికలు కొలతల శాఖకు వెళ్లే కేసు. డెన్సిటీ రాసిన బోర్డు కూడా చూడండి. ట్యాంకరు లోడు దిగిన రోజు రాసినదానికీ, ఇప్పుడు హైడ్రోమీటరు చూపేదాన్ని 15 డిగ్రీల వేడికి సరిచేసిన లెక్కకీ మూడు పాయింట్లకు మించి తేడా ఉంటే ఏదో కలిసినట్టే. తెల్లవారుజామున కొట్టిస్తే చల్లగా ఉంటుంది, ఎక్కువ వస్తుందంటారే, అది వదిలేయండి. భూమిలోపలి ట్యాంకులో వేడి రోజంతా పెద్దగా మారదు.

---

గ్రీన్‌బ్యాండ్:

పై లెక్క కరెక్టే. కానీ నా దృష్టిలో బంకు రేటు రెండో సంగతి. బెంగళూరు–హైదరాబాద్ రానూపోనూ 1,140 కిలోమీటర్లు. 3.8 మైలేజీకి 300 లీటర్లు, 3.5కి 326 లీటర్లు. ఆ 26 లీటర్ల ఖరీదు 2,300 పైన. బాగేపల్లిలో మిగిలేదానికంటే ఎక్కువ. లీజు బండికి మైలేజీ ఎంతో ఓనరు చెప్పే మాట మీద ఒప్పుకోకండి.

కొలిచే పద్ధతి ఒకటే: ఫుల్ టు ఫుల్. అదే బంకు, అదే పంపు, బండి సమంగా నిలబెట్టి, నాజిల్ ఆటోమేటిక్‌గా కట్ అయ్యేదాకా. పక్కన ఓడోమీటరు, కాటా బరువు రాయండి. బరువు రాయని మైలేజీ లెక్కకు అర్థం లేదు. 20 టన్నుల సరుకుతో వచ్చిన 4.2నీ, 24 టన్నులతో వచ్చిన 3.7నీ పక్కపక్కన పెట్టి బండి పాడైందనుకుంటారు.

మైలేజీ అర పాయింటు పడిపోతే ఈ వరసలో చూడండి. ముందు టైర్ల గాలి, పొద్దున్నే బండి కదలకముందు, గేజి పెట్టి. జంట టైర్లలో లోపలి టైరే మోసం చేసేది. వాల్వు చెయ్యికి అందదని క్లీనరు సుత్తితో కొట్టి "ఉందన్నా" అంటాడు. 120 పీఎస్‌ఐ ఉండాల్సినది 90 ఉన్నా సుత్తి శబ్దం ఒకలాగే ఉంటుంది. వాల్వు ఎక్స్‌టెన్షన్ వేయించండి. లోపలిది మెత్తబడితే బయటి టైరు మొత్తం బరువు మోస్తుంది, రెండూ చెడతాయి. టైర్లు ఓనరువి కాబట్టి గొడవ కూడా మీ మీదికే వస్తుంది.

తర్వాత బ్రేకు పట్టేయడం. 30 కిలోమీటర్లు నడిపి, గట్టిగా బ్రేకు కొట్టకుండా ఆపి, ఒక్కో హబ్బు దగ్గర చెయ్యి దూరంగా పెట్టి చూడండి. ఒక్కటే కాలుతుంటే స్లాక్ అడ్జస్టరు (బ్రేకు బిగువు సరిచేసే మీట) బిగుసుకుంది, లేదా బ్రేకు చాంబరు వెనక్కి రావడం లేదు. ఇది డీజిల్ తినడమే కాదు, గ్రీజు కరిగి బేరింగు పోతుంది.

పికప్ తగ్గి, నల్లపొగ వస్తుంటే ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) పైపులు చూడండి. క్లాంపుల చుట్టూ నూనె మడ్డి, దుమ్ము అంటుకుని ఉంటే అక్కడ టర్బో గాలి లీకవుతోంది. ఎయిర్ ఫిల్టరు ఇండికేటరు ఎర్రగా మారితే ఫిల్టరు మార్చడమే. రోడ్డు మీద నేలకేసి కొట్టి దులిపితే కాగితం చిరుగుతుంది, ఆ చిరుగులోంచి దుమ్ము నేరుగా టర్బోలోకి.

నడపడంలో పెద్ద రహస్యమేమీ లేదు. టాకోమీటరు (ఇంజను ఎంత వేగంగా తిరుగుతోందో చూపేది) పచ్చగీత దాటకుండా, 55–60 మీద పెట్టి వదలండి. 75కి ఎక్కిస్తే హైదరాబాద్ రెండు గంటలు ముందు చేరతారు, చేరాక నో ఎంట్రీ (లారీలను సిటీలోకి రానివ్వని టైము) దగ్గర ఆ రెండు గంటలూ ఆగుతారు. నిలబడిన ఇంజను గంటకు ఒకటిన్నర, రెండు లీటర్లు తాగుతుంది. 2025 అక్టోబరు నుంచి తయారైన పెద్ద లారీలకు క్యాబిన్ ఏసీ తప్పనిసరి చేశారు. మీది అంతకుముందు బండి కాబట్టి ఆ ఖర్చు లేకపోవచ్చు, ఉంటే రాత్రి ఏసీ కోసం ఇంజను ఆన్‌లో పెట్టి పడుకుంటే తెల్లారేసరికి పది లీటర్ల పైన పోతుంది. టార్పాలిన్ వదులుగా రెపరెపలాడినా డీజిలే.

బీఎస్ 6 కాబట్టి డెఫ్ (పొగ శుద్ధికి విడిగా పోసే యూరియా ద్రవం) ఖర్చు విడిగా రాసుకోండి. వంద లీటర్ల డీజిల్‌కి నాలుగు నుంచి ఆరు లీటర్లు లాగుతుంది. ఉన్నట్టుండి రెండుకు పడిపోతే సంతోషించొద్దు, నాజిల్ మూసుకుపోతోంది. 32.5 శాతం యూరియా, మిగతాది మినరల్స్ తీసేసిన శుద్ధమైన నీరు, అంతే దాని కథ. ఎరువుల యూరియా కలిపి బకెట్లలో అమ్మేది పోస్తే దాంట్లోని మలినాలు పంపులో, క్యాటలిస్టులో పేరుకుంటాయి. నాజిల్ చుట్టూ తెల్ల గడ్డలు కట్టి, మీటరులో వార్నింగు, కొన్నాళ్లకు ఇంజను పవర్ తగ్గించేస్తుంది. అప్పుడు లోడుతో ఎత్తు ఎక్కదు. డీజిల్ పోసిన గరాటాతో డెఫ్ పోయొద్దు. పొరపాటున డెఫ్ ట్యాంకులో డీజిల్ పడితే ఇగ్నిషన్ ఆన్ చేయకుండా ట్యాంకు దింపి కడిగించాలి. ఆన్ చేస్తే పంపు లాగేస్తుంది. డెఫ్ అవసరం లేకుండా ఎమ్యులేటర్ (డెఫ్ పనిచేస్తున్నట్టు బండిని నమ్మించే పెట్టె) పెట్టిస్తామని వచ్చేవాళ్లను దగ్గరికి రానివ్వొద్దు. అది చట్టవిరుద్ధం, పైగా బండి మీది కాదు.

---

టోల్‌గేట్_చీటీ:

ఫాస్టాగ్ సంగతి. ఒక బండికి ఒకటే ట్యాగ్. మీ పేరు మీద ఇంకోటి తీసుకుందామంటే కుదరదు, అది ఆర్‌సీ నంబరుకు కట్టి ఉంటుంది. కాబట్టి ట్యాగ్ ఓనరుదే, డబ్బు మీది. గొడవలు మొదలయ్యేది ఇక్కడే. బండి మీ చేతికి వచ్చే రోజు వాలెట్‌లో ఎంత ఉందో స్క్రీన్‌షాట్ తీసి ఇద్దరూ వాట్సాప్‌లో పెట్టుకోండి. రీచార్జి మీరే ఫాస్టాగ్ బిల్లు పేమెంటులో బండి నంబరు కొట్టి చేయొచ్చు, ఓనరు ఫోను అవసరం లేదు. కానీ కట్ అయిన మెసేజీలు ఆయనకే పోతాయి. నెలకోసారి స్టేట్‌మెంటు పంపాలని ముందే మాట తీసుకోండి.

ఆ స్టేట్‌మెంటులో చూడాల్సింది యాక్సిల్ (చక్రాల ఇరుసు) క్లాసు. జాతీయ రహదారి టోలులో మూడు యాక్సిళ్ల లారీకి ఒక రేటు, నాలుగు నుంచి ఆరు యాక్సిళ్లకు ఒక రేటు, ఏడు ఆపైన ఇంకోటి. పన్నెండు టైర్ల బండికి నాలుగు యాక్సిళ్లు, అంటే పదహారు టైర్ల బండి కట్టేదే మీరూ కడతారు. టన్ను లెక్కన చూస్తే మీకు టోలు బరువు ఎక్కువ, కిరాయి మాట్లాడేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. ఏడు యాక్సిళ్ల రేటు ఎక్కడైనా పడితే, లేదా ఒకే గేటు నిమిషాల తేడాలో రెండుసార్లు పడితే ట్యాగ్ ఇచ్చిన బ్యాంకు దగ్గర డిస్ప్యూట్ పెట్టాలి. హైవే హెల్ప్‌లైను 1033కి కూడా చెప్పొచ్చు, అయితే డబ్బు వెనక్కి వచ్చేది బ్యాంకు ద్వారానే. కాబట్టి ఫిర్యాదు ఓనరు పెట్టాలి, మీరు వెంటపడాలి.

బ్యాలెన్సు అయిపోతే లైనులోకి వచ్చాక రీచార్జి చేసి ప్రయోజనం ఉండదు, అప్‌డేట్ కావడానికి టైము పడుతుంది. బాగేపల్లి గేటు కోసం దేవనహళ్ళి దగ్గరే చూసుకోండి. ట్యాగ్ పనిచేయకపోతే 2025 నవంబరు 15న నగదుకు రెండింతలు, యూపీఐతో కడితే ఒకటింపావు రెట్లు పెట్టారు. కనీసం యూపీఐ కొట్టండి.

తగ్గింపుల్లో మీకు పనికొచ్చేవి తక్కువ. వార్షిక పాసు సొంత కార్లు, జీపులు, వ్యాన్లకే, లారీకి లేదు. గేటు ఉన్న జిల్లాలోనే రిజిస్టరైన కమర్షియల్ బండికి సగం రేటు అనే రూలు ఉంది గానీ అది నేషనల్ పర్మిట్ బండికి వర్తించదు. 24 గంటల్లో అదే గేటు తిరిగి దాటితే మొత్తం ఒకటిన్నర రెట్లే పడుతుంది. హైదరాబాద్ లైనులో అది కుదిరే పని కాదు. చెన్నైలో హార్బరు నుంచి శ్రీపెరంబుదూరు, ఒరగడం వైపు షటిల్ కొట్టేవాళ్లకు అది బంగారం. ఒకే గేటు నెలలో 30–40 సార్లు దాటేవాళ్లు అయితే నెల పాసు చూడాలి. 50 ట్రిప్పుల డబ్బులో మూడింట రెండు వంతులే కడతారు, అంటే 34వ సారి నుంచి లాభం.

టోలు రేట్లు చాలా గేట్లలో ఏటా ఏప్రిల్ 1న పెరుగుతాయి. మార్చిలో మాట్లాడిన కిరాయి ఏప్రిల్‌లో నడపాల్సి వస్తే ఆ పెరుగుదల మీ జేబులోంచే.

---

నెలమంగల_12టైర్:

చాలా థాంక్స్ అన్నా. లోపలి టైరు, కాటా సంగతి నాకు తట్టలేదు. ఇప్పుడు టాక్సు, హుబ్బళ్ళి లోడు గురించి ఎవరైనా చెప్పండి. ఓనరు క్వార్టర్ టాక్సు కట్టకపోతే నాకేం సంబంధం, ఆర్‌సీ ఆయనది కదా?

---

ఆర్‌సీ_పర్మిట్:

సంబంధం ఉంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2(30) ప్రకారం లీజు ఒప్పందం కింద బండి ఎవరి స్వాధీనంలో ఉంటే వాళ్లే ఓనరు కింద లెక్క. కర్ణాటక టాక్సు చట్టం కూడా రిజిస్టరైన ఓనరు లేదా బండి ఎవరి అధీనంలో ఉంటే వాళ్లు కట్టాలనే రాసింది. ఏపీ క్వార్టర్ టాక్సు కట్టలేదని దారిలో బండి సీజ్ చేస్తే దాంతోపాటు నిలిచిపోయేది మీ లోడు, కస్టమరుకి జవాబు చెప్పేది మీరు. తనిఖీలో దొరికితే జరిమానా కూడా మనంతట మనం ఆలస్యంగా కట్టినదానికంటే చాలా ఎక్కువ.

క్వార్టర్ అంటే ఏప్రిల్, జులై, అక్టోబరు, జనవరి. టాక్సు హోమ్ స్టేట్‌కే, అంటే మీ బండికి ఆంధ్రకే. మిగతా రాష్ట్రాలకు కలిపి నేషనల్ పర్మిట్‌కి ఏడాదికి 16,500, ఆథరైజేషన్‌కి ఇంకో 1,000. ఈ రెండు తేదీలూ, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), ఇన్సూరెన్సు, పొల్యూషన్ తేదీలూ కేంద్ర రవాణా శాఖ వాహన్ సైటులో బండి నంబరు కొడితే కనిపిస్తాయి. ఓనరు మాట నమ్మాల్సిన పని లేదు, అగ్రిమెంటు ముందు రోజు మీరే తీసి చూడండి. పెండింగ్ ఈ-చలానాలు కూడా అదే రోజు ప్రింటు తీయండి. పాత చలానా కట్టకపోతే ఎఫ్‌సీ, పర్మిట్ పనులు ఆగిపోతాయి, అప్పటికి బండి మీ దగ్గర ఉంటుంది.

ఎఫ్‌సీ ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, తర్వాత ఏటా. మీ లీజు రెండు మూడేళ్లు నడిస్తే బండి ఏడేళ్లు దాటుతుంది, అప్పుడు ఆంధ్ర గ్రీన్ టాక్సు (పాత బండ్ల మీద వేసే పన్ను) మొదలవుతుంది. 2022లో దాన్ని బాగా పెంచి, తర్వాత తగ్గించారు, ఆ రోజు ఎంత ఉంటుందో ఆ రోజే తెలుస్తుంది. ఎవరు కట్టాలో మాత్రం ఇప్పుడే రాసుకోండి. నేనైతే ఆస్తి మీద పడేవి, అంటే క్వార్టర్ టాక్సు, గ్రీన్ టాక్సు, ఎఫ్‌సీ, ఇన్సూరెన్సు ఓనరుకీ, నడిపితేనే పడేవి, అంటే డీజిల్, టోలు, నేషనల్ పర్మిట్ ఫీజు లీజుదారుకీ పెట్టడం న్యాయం అంటాను. ఓనరు ఒప్పుకోకపోతే లీజు మొత్తం ఆ మేరకు తగ్గించాలి. బండి నెలల తరబడి షెడ్డులో నిలిచిపోయే పరిస్థితి వస్తే క్వార్టర్ మొదలవ్వకముందే ఆర్‌టీవోకి స్టాపేజీ రాసివ్వాలి. తర్వాత చెప్తే బండి నడవలేదన్నా టాక్సు కట్టాల్సిందే.

హుబ్బళ్ళి లోడు: వద్దు. నేషనల్ పర్మిట్ బండి హోమ్ స్టేట్ కాని రాష్ట్రంలో, ఆ రాష్ట్రం లోపలే రెండు ఊళ్ల మధ్య సరుకు ఎత్తి దించకూడదు. సెంట్రల్ రూల్స్‌లో రూల్ 90. ఏపీ బండి బెంగళూరులో ఎత్తి హుబ్బళ్ళిలో దించితే పర్మిట్ ఉల్లంఘనే. బెంగళూరులో ఎత్తి హైదరాబాద్‌లో, చెన్నైలో, పుణెలో దించండి, ఏ ఇబ్బందీ లేదు.

---

లోడు_ఉంటే_చాలు:

అన్నా, యశ్వంతపురం, దాబస్‌పేటలో ఏపీ, తమిళనాడు బండ్లు రోజూ హుబ్బళ్ళి, దావణగెరె కొడుతున్నాయి. ఎవరినీ పట్టుకోవడం లేదు. ఖాళీగా నిలబడితే లీజు ఎవరు కడతారు?

---

ఆర్‌సీ_పర్మిట్:

పట్టుకోనంత వరకు అంతే. పట్టుకుంటే సెక్షన్ 192ఏ, మొదటిసారికే 10,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా రాసి ఉంది. దానికంటే పెద్ద గండం ఇన్సూరెన్సు. పర్మిట్‌లో లేని పని చేస్తూ యాక్సిడెంటు అయితే కంపెనీ ముందు పట్టుకునేది అదే. థర్డ్ పార్టీకి (యాక్సిడెంటులో నష్టపోయిన ఎదుటివాళ్లకి) ఇవ్వాల్సింది ఇచ్చినా తర్వాత ఓనరు దగ్గర, మీ దగ్గర వసూలుకు దిగుతుంది. ఆ ఒక్క లోడు కిరాయికి ఇంత పూచీ మోయడం నాకు లెక్కలో కుదరదు. కర్ణాటక లోపలి లోడ్లే ఎక్కువ దొరుకుతాయి అనుకుంటే కేఏ (కర్ణాటక రిజిస్ట్రేషన్) బండి లీజుకు వెతకండి. ఇంకో సంగతి, బండి ఏడాదికి మించి ఒకే పరాయి రాష్ట్రంలో ఉండిపోతే అక్కడ రీ-రిజిస్ట్రేషన్ అడుగుతారు. మీరు వారం వారం బాగేపల్లి దాటి ఆంధ్రలోకి పోతుంటే టోలు రికార్డులే మీ సాక్ష్యం. ఆ స్టేట్‌మెంట్లు పారేయొద్దు.

---

ఎల్ఆర్_బుక్కు:

జీఎస్‌టీ, ఇన్‌కమ్ టాక్సు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి క్లుప్తంగా.

డీజిల్ జీఎస్‌టీలో లేదు. బంకు బిల్లు మీద ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును తర్వాత తగ్గించుకోవడం) అనేదే రాదు, ఎవరైనా ఇప్పిస్తామంటే నమ్మకండి. మీరు సొంతంగా కన్సైన్‌మెంట్ నోట్ (ఎల్ఆర్, అంటే సరుకు రసీదు) ఇస్తూ ట్రాన్స్‌పోర్టు ఏజెన్సీగా నడిపితే జీఎస్‌టీ లెక్కలో జీటీఏ (సరుకు రవాణా ఏజెన్సీ) అవుతారు, ఓనరు మీకు బండి అద్దెకివ్వడం మీద జీఎస్‌టీ ఉండదు. మీరు ఎల్ఆర్ ఇవ్వకుండా బ్రోకరు ద్వారా వేరే ట్రాన్స్‌పోర్టు ఎల్ఆర్ మీద నడిపితే లెక్క వేరు, ఓనరుకి రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసి ఆడిటరును అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి లారీల థర్డ్ పార్టీ ప్రీమియం మీద జీఎస్‌టీ 12 నుంచి 5కి తగ్గింది, అది ఓనరుకి మిగిలిన డబ్బు, బేరంలో వాడుకోండి.

ఇన్‌కమ్ టాక్సులో లారీ వాళ్లకున్న సులువు లెక్క, 12 టన్నులు దాటిన బండికి నెలకు టన్నుకు వెయ్యి రూపాయలు ఆదాయం అనుకునేది, సొంతదారుకే. ఈఎంఐ మీద కొన్న బండి కూడా సొంతం కిందే వస్తుంది, మామూలు లీజు రాదు. అందుకే మీరు ప్రతి డీజిల్ బిల్లు, డెఫ్ బిల్లు, టోలు స్టేట్‌మెంటు దాచాలి. ఖర్చు చూపించలేకపోతే కిరాయి మొత్తం ఆదాయంలా కనిపిస్తుంది. థర్మల్ కాగితం బిల్లు రెండు నెలల్లో తెల్లబడుతుంది, అదే రోజు ఫోటో తీయండి. ఒకే బంకుకు ఒకే రోజు పెద్ద మొత్తం నగదు ఇస్తే ఆ ఖర్చును ఒప్పుకోకపోవచ్చు, హద్దు ఎంతో ఆడిటరును అడగండి. ఆయిల్ కంపెనీల ఫ్లీట్ కార్డు, అంటే స్మార్ట్‌ఫ్లీట్, ఎక్స్‌ట్రాపవర్, డ్రైవ్‌ట్రాక్ ప్లస్ లాంటిది తీసుకుంటే పాయింట్లు పెద్దగా రావు గానీ ఏ బంకులో ఎన్ని లీటర్లో నెల స్టేట్‌మెంటు ఒక్కచోట వస్తుంది.

ఈ-వే బిల్లు (సరుకు వెంట ఉండాల్సిన జీఎస్‌టీ పత్రం) గడువు 200 కిలోమీటర్లకు ఒక రోజు. బాగేపల్లిలో లైను, నో ఎంట్రీ, పంక్చరు కలిసి మూడో రోజు దాటేలా ఉంటే గడువు ముగిసే ముందు ఎనిమిది గంటల్లోనో, ముగిశాక ఎనిమిది గంటల లోపో పొడిగించుకోవచ్చు. పార్టీకి ఫోన్ చేసి చేయించండి.

---

పైసా_కిలోమీటరు:

అగ్రిమెంటు, కిరాయి మాట్లాడేటప్పుడు ఒక ముక్క కలపండి. నెలవారీ కాంట్రాక్టు లోడు ఏదైనా దొరికితే డీజిల్ రేటు ఆ రోజు ఎంతుందో కాగితం మీద రాసి, దాని మీద రూపాయి పెరిగితే కిలోమీటరుకు ఎంత పెరగాలో కూడా రాయించండి. లెక్క సులువు: ఒక రూపాయిని మైలేజీతో భాగించడమే. 3.8 మైలేజీకి కిలోమీటరుకు 26 పైసలు. హైదరాబాద్ రానూపోనూకి లీటరు మీద రూపాయి పెరిగితే 300 రూపాయలు. కర్ణాటకలో 2024లో ఒక్క రాత్రిలో మూడు రూపాయలు, 2025లో రెండు రూపాయలు పెరిగింది, రెండూ పన్ను పెంపులే. అలాంటప్పుడు కాగితంలో ఈ ఒక్క వాక్యం లేకపోతే మూడు రూపాయల పెంపుకే ట్రిప్పుకు 900 పోతుంది, పార్టీ "మాట్లాడినదే కదా" అంటుంది. వెనక్కి ఖాళీగా వచ్చే కిలోమీటర్లు కూడా లెక్కలోకి తీసుకోండి. ఖాళీ బండి మైలేజీ ఎక్కువే గానీ టోలు మాత్రం లోడు బండిదే పడుతుంది.

---

ఆర్‌సీ_పర్మిట్:

బండి చేతిలోకి తీసుకునే రోజు చేయాల్సినవి. పన్నెండు టైర్లకు, స్టెప్నీకి సీరియల్ నంబర్లు, గీత లోతు రాసి ఫోటోలు. ఓడోమీటరు ఫోటో. డీజిల్, డెఫ్ రెండూ ఫుల్ చేసి తీసుకోవడం, ఫుల్ చేసి ఇవ్వడం. ఫాస్టాగ్ బ్యాలెన్సు. వాహన్ ప్రింటు, చలానా ప్రింటు. అగ్రిమెంటులో బండి ఎఫ్‌సీకి లేదా ఓనరు వంతు రిపేరుకి నిలబడిన రోజులకు లీజు కట్ అవుతుందని రాయించండి, లేకపోతే ఆయన పని ఆలస్యం చేసినా మీటరు మీ మీద తిరుగుతుంది. డెఫ్ సిస్టమ్, టర్బో, హై ప్రెజర్ పంపు "చిల్లర రిపేరు" కాదని పేర్లు పెట్టి రాయించండి. ఇన్సూరెన్సు పాలసీ తీసి డ్రైవరుకి, క్లీనరుకి ప్రీమియం కట్టారో లేదో చూడండి. చాలా పాలసీల్లో డ్రైవరు ఒక్కడే ఉంటాడు, క్లీనరుని కలిపించడానికి పెద్ద ఖర్చు కాదు. ఇక లీజు సంగతి ఇన్సూరెన్సు కంపెనీకి ఓనరు చేతే రాతపూర్వకంగా చెప్పించి, వాళ్ల రసీదు కాపీ ఒకటి క్యాబిన్‌లో పెట్టుకోండి.